కిటికీ వైపు తిప్పిన కుర్చీ

పన్ను పీకించుకునేటప్పుడు భయపడకుండా ఉండటం ఎట్లాగో ఈ మధ్య ఒక వారపత్రికలో ఎవరో పెద్దమనిషి రాశాడు. కుర్చీలో కూర్చోగానే కళ్లు మూసుకోవాలట. గాలి నిదానంగా పీల్చి నిదానంగా వదలాలట. చిన్నప్పుడు సంతోషంగా గడిపిన రోజు ఒకటి తలచుకోవాలట. చదివి పత్రిక పక్కన పడేశాను. ఆయన పళ్లన్నీ గట్టిగా ఉన్నట్టున్నాయి. గాలి పీల్చడం గురించి నాకు పేచీ లేదు, అది ఎట్లాగూ అందరం చేసేదే. కళ్లు మూసుకోమన్నాడు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది. మా అమ్మను ఆ కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమని పట్టుబట్టి ఉంటే, ఆమె లేచి నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నడిచి వచ్చేసేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల నాటి మాట ఇది. నేను ఆళ్లగడ్డలో ఆడపిల్లల బడిలో టీచరును. నాయన పోయాక అమ్మ నా దగ్గరికే వచ్చింది, ఆమె వెంట నాయన చెల్లెలు, మా మేనత్త కూడా వచ్చింది. నేను పెళ్లి చేసుకోలేదు. నాతో వాదించి గెలిచే మగవాడు పుట్టలేదని అమ్మ వీధిలో అందరికీ చెప్పేది. అట్లాంటివాడు పుట్టి ఉంటే వాణ్ని చేసుకునేదాన్నే కాదని నేను చెప్పేదాన్ని.

అమ్మకు అప్పటికి అరవై దగ్గర పడింది. ఆమెకు గర్వమంటూ ఉంటే కళ్ల మీదే. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేది. ఎంత సన్న సూదిలోనైనా దారం ఒక్కసారికే ఎక్కించేది. మా వీధిలో ఆమె కూతురి వయసు ఆడవాళ్లు సూదీ దారం పట్టుకొచ్చి, ఎక్కించుకొని పోయేవాళ్లు. నాకు కళ్లద్దాలు వచ్చిన రోజు ఆమె ముఖంలో కనిపించిన సంతోషం నేను బి.ఏ. పాసైన రోజు కూడా కనిపించలేదు. "సదువుకున్నోళ్ల కండ్లు ఇంతే," అని తీర్పు చెప్పి, ఆ పూట నా సూదిలో కూడా దారం ఆమే ఎక్కించింది.

ఆ ఎండాకాలం ఆమె కుడివైపు పై దవడ పన్ను పుచ్చి, చిగురు కింద చీము పట్టింది. లవంగం పెట్టింది, వేపపుల్ల నమిలింది, నోట్లో ఉప్పునీళ్లు పట్టి కూర్చుంది. బుగ్గ తగ్గేది, మళ్లీ పొంగేది. చివరికి ఊళ్లో డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఆయన టార్చి వేసి చూసి, నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు: "ఇది పీకాల్సిందే టీచరమ్మా. ఈ చీము పైకి పాకితే నా చేతుల్లో ఉండదు. నంద్యాలలో పండ్ల డాక్టరు ఉన్నాడు, తీసుకుపోండి. ఆలస్యం చేయొద్దు."

వరండాలో చెప్పినా అమ్మకు వినిపించింది. చెవులు కూడా కళ్లంత మంచివే.

"కింది పన్నయితే పీకిచ్చుకుంటా," అంది ఇంటికి వస్తూ. "పై పన్ను ముట్టుకోనీను."

ఎందుకో నాకు తెలుసు. మా వైపు తెలియనివాళ్లు లేరు. పై పన్ను వేరు కంటి నరానికి అంటుకొని ఉంటుందని, అది పీకితే చూపు పోతుందని పిల్లలకు కూడా చెబుతారు. దానికి తోడు మా అమ్మకు తన తల్లి సంగతి ఉంది. మా అవ్వ ప్యాపిలి సంతలో ఒకడి చేత పై పన్ను పీకించుకుంది. ఆ ఏడాదే చూపు పోయింది. బతికినన్నాళ్లు గోడలు తడుముకుంటూ తిరిగింది.

"అమ్మా, పంటికీ కంటికీ సంబంధం లేదు," అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"పుస్తకంలో ఉండాది."

"ఆ పుస్తకం రాసినోనికి పై పన్ను పీకినారా?"

"అవ్వకు అప్పటికే కండ్లల్లో పొర వచ్చిందంట. మామ చెప్పినాడు."

"నా తమ్మునికి అప్పుటికి ముక్కు తుడుచుకునేది గూడా తెల్దు. నేను చూసినా. సంత నుంచి నోట్లో గుడ్డ పెట్టుకోని వచ్చింది. ఆ యేడు జొన్న కంకి వేసేతాలికి నా ముఖం తడిమి, ఎవురే నువ్వు అని అడిగింది. నువ్వు పుట్టల్యా అప్పుటికి. పుట్టనోళ్లు మాట్లాడగూడదు."

ఈ చివరి మాటకు బదులు ఏ కాలేజీలోనూ నేర్పరు. నేను ఊరుకోలేదు. వంట చేసేటప్పుడు వాదించాను, నీళ్లు తోడేటప్పుడు వాదించాను. బొమ్మ గీసి పన్ను వేరు ఎక్కడ ఆగుతుందో, కన్ను ఎక్కడ ఉంటుందో చూపించాను. ఆమె బొమ్మను శ్రద్ధగా చూసి, "ఇంత దగ్గరగా ఉండాదా!" అంది. ఆ తర్వాత ఆమె మాట్లాడటం మానేసింది. బుగ్గ మాత్రం తగ్గడం మానేసి, రోజురోజుకూ పైకి పొంగుతూ వచ్చింది. మొండితనమనుకున్నాను. ఆ మొండితనంతో నా కళ్ల ముందే చచ్చిపోతుందని లోపల వణుకు, పైకి కోపం. నాకు భయం వేస్తే బయటికి వచ్చేది కోపమే.

ఒక పొద్దున పెరట్లో నుంచి వస్తూ వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాను. అమ్మ కళ్లు గట్టిగా మూసుకొని ఉంది. ఎడమ చెయ్యి గోడకు ఆనించి, కుండ దగ్గరికి నడిచింది. మూత తీసి, చెంబు ముంచి, చుక్క ఒలకకుండా నీళ్లు తీసుకుంది. తిరిగి వస్తూ గూట్లో చెయ్యి పెట్టి ఉప్పు డబ్బా, కారం డబ్బా తడిమి చూసి, చేతికి తెలిసేట్టు వాటి చోట్లు మార్చింది. ఆ తర్వాత గోడకు చేరగిలబడి, చాటలో ఉన్న బుడ్డలు ఒలవడం మొదలుపెట్టింది.

వేరుశనగను మా వైపు బుడ్డలంటాం. ప్యాపిలి దగ్గర మామ చేసే మెట్ట భూమిలో అమ్మకూ కొంత ఉంది. విత్తనపు కాయలు ఆయన ఏటా ఆమెకే పంపేవాడు. తినడానికైతే ఎట్లా ఒలిచినా ఒకటే. విత్తనానికైతే గింజ మీది ఎర్ర పొర చిట్లకూడదు, చిట్లితే మొలవదు. కాయ కొన నొక్కి, రెండుగా విడదీసి, గింజను గోరు తగలకుండా రాల్చాలి. అమ్మ ఆ పని కళ్లు మూసుకొని చేస్తోంది. రాలిన గింజలను వేలితో తడిమి, చిట్లినది దొరికితే పక్కన పడేస్తోంది.

"ఏం చేస్తాండావ్?" అన్నాను.

"కనపడల్యా? బుడ్డలు ఒలుస్తాండా."

"కండ్లు మూసుకోనా?"

ఆమె కళ్లు తెరిచింది. దొరికిపోయినందుకు కాస్త చిరాకు పడింది.

"రేప్పొద్దున కండ్లు ల్యాకుంటే చేతులన్నా పని చేయాల గదా. మీ అత్త చేత ముద్ద పెట్టిచ్చుకుంటా కూర్చునేది నాతో కాదు." కాయ ఒకటి నొక్కింది. "ఇట్లనే ఉంటే చస్తా. పీకిస్తే కండ్లు పోతాయి. రెండిట్లో ఇది మేలని అనుకున్యా. ఎప్పుడు పోదామో చెప్పు."

వాదించడానికి నా దగ్గర ఇంకా ఎన్ని మాటలు సిద్ధంగా ఉన్నాయో! ఒక్కటీ పనికిరాలేదు. ఆమె పీకించుకోవడానికి ఎప్పుడో ఒప్పుకుంది. గుడ్డిదై బతకడం నేర్చుకునేదాకా గడువు తీసుకుంది, అంతే.

మరునాడు పొద్దున బస్సు ఎక్కాం. బుగ్గ మీదుగా తలకు గుడ్డ బిగించి కట్టుకుని, ఒళ్లో ఒక మూట పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. మూటలో ఏముందని అడిగితే బుడ్డలంది. "దావలో ఊరికే కూర్చోని ఏం చేయాల?" శిరివెళ్ల దాకా రోడ్డు మీద గుంత లేని చోటు లేదు. బస్సు ఎగిరినప్పుడల్లా ఆమె దవడ పట్టుకునేది, కాని చూపు మాత్రం బయటి నుంచి తిప్పలేదు. నల్లరేగడి చేలల్లో పంట తీసేసిన మోళ్లు, దూరంగా నల్లమల కొండలు, రోడ్డు పక్క ముళ్లకంపలు. వాటిలో చూడటానికి ఏముందని? ఆమె ఒక్కొక్కటీ మూట కట్టుకున్నట్టు చూస్తోంది. నేను చూడలేక తల తిప్పుకున్నాను.

నంద్యాలలో దిగేటప్పుడు బస్సు తలుపు దగ్గర మేకుకు పట్టుకొని నా కొంగు చినిగింది. నేను గమనించలేదు. అమ్మ గుడ్డ సందులో నుంచి, "కొంగు చినిగింది చూసుకో," అంది. "తర్వాత చూస్తాలే," అన్నాను.

పండ్ల డాక్టరు గది బజార్లో ఒక మందుల షాపు మీద మేడలో ఉంది. మెట్లెక్కుతుంటేనే లవంగ నూనె వాసన, స్పిరిటు వాసన కలిసి కొట్టాయి. బల్ల మీద కూర్చున్నామో లేదో లోపల ఎవరో మగమనిషి "అయ్యో, అయ్యో నాయనా" అని అరిచాడు. బల్ల చివర కూర్చున్న ఒకామె లేచి, ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది, వణుకుతోంది. ఆమె చెయ్యి విడిపించుకొని మూట విప్పింది. కాయ నొక్కిన చప్పుడు టప్పున వినిపించింది. ఇంకో కాయ, ఇంకోటి. కొంచెంసేపటికి వణుకు ఆగింది.

కాంపౌండరు తలుపు తీసి నేల మీది పొట్టు చూశాడు. "ఏందమ్మా ఇది, ఆస్పత్రా, కళ్లమా?"

"పొట్టు నేను ఊడుస్తాను. లోపల మనిషిని అరవకుండా చూడమని మీ డాక్టరుకు చెప్పు," అన్నాను.

లోపల డాక్టరు కుర్రవాడు, మద్రాసులో చదివి వచ్చినవాడు. పెద్ద ఇనుప కుర్చీ, దాని పక్కన పళ్లు తొలవడానికి కాలితో తొక్కే మర. గోడకు బిగించిన కరెంటు దీపం ఒకటి ఉంది. ఆయనకు దాని మీద చాలా ఇష్టంలా ఉంది. మా ఊరి డాక్టరు రాసిచ్చిన చీటీ చదివి, అమ్మను కూర్చోబెట్టి, నోరు తెరవమని, మొదట ఆ దీపమే వేశాడు.

అమ్మ కేక పెట్టింది.

"పోయినాయి! ఏమీ కనపడల్యా, అంతా తెల్లగుండాది!" రెండు చేతులూ గాల్లోకి చాచి నా కోసం వెతికింది. ఒళ్లో మూట జారి కాయలన్నీ నేల మీద పడ్డాయి.

"ముట్టుకోకుండానే పోయినాయా అవ్వా?" అని డాక్టరు నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆపాడు. దీపం ఆర్పాను. అమ్మ రెప్పలు కొట్టుకుంటూ నన్ను చూసింది, గోడను చూసింది. ఊపిరి అందుకోవడానికి చాలాసేపు పట్టింది.

"కుర్చీ కిటికీ వైపు తిప్పండి," అన్నాను.

"దీపం ఇక్కడుంది టీచరమ్మా."

"బయట నంద్యాల ఎండ ఉంది. దానికంటే మీ దీపం గొప్పదా?"

"అవ్వ కండ్లు మూసుకుంటే సరిపోతుంది. అందరూ మూసుకుంటారు."

"ఈమె మూసుకోదు. పై పన్నుతో పాటు చూపు పోతుందని ఈమె నమ్మకం."

ఆయన అమ్మ వైపు తిరిగి, పంటికీ కంటికీ సంబంధం లేదంటూ మొదలుపెట్టాడు. అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"మా పాప చెప్పింది నాయనా, బొమ్మ గూడా గీసింది. నువ్వు పీకు. నేను వద్దంటాన్నానా? వెలుతురు పోయేటప్పుడు నాకు తెలియాల, అంతే."

డాక్టరు తన దీపం వైపు ఒకసారి చూశాడు. తర్వాత కాంపౌండరును పిలిచాడు. ముగ్గురం కలిసి ఆ ఇనుప కుర్చీని ఈడ్చి కిటికీ వైపు తిప్పాం. నేల మీద గీత పడింది, దానికి కాంపౌండరు నన్నే చూశాడు. నేను వంగి కాయలు ఏరి మళ్లీ అమ్మ ఒళ్లో పోశాను.

"ఇవెందుకు?" అన్నాడు డాక్టరు.

"ఇంకో మాట ఉంది," అన్నాను. "ఈమె కాయలు ఒలుస్తూ ఉంటుంది. ఈమె చెయ్యి ఆగితే మీ చెయ్యి ఆగాలి. మళ్లీ కదిలితే మీరు కదలండి."

"ఇది బళ్లో ఆట కాదు టీచరమ్మా."

"ఆటకైతే ఎండలో ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. నోట్లో మీ పట్టకారు ఉంటే ఆమె వద్దని ఎట్లా చెబుతుంది? చెప్పే వీలు లేదని తెలిస్తే ఎవరికైనా భయమే, మీకైనా."

ఆయన గొంతు తగ్గించాడు. "చీము పట్టిన చోట మందు సూది సగమే పని చేస్తుంది. నొప్పి తెలుస్తుంది. మధ్యలో ఆపితే ఇంకా కష్టం."

"ఆ మాట నాకెందుకు చెబుతారు, పన్ను ఆమెది."

ఆయన అదే మాట అమ్మకు చెప్పాడు. అమ్మ తలాడించింది. "అట్లనే కానీ. ఆగమన్నప్పుడు మాత్రం ఆగు నాయనా," అని కిటికీ వైపు చూస్తూ నోరు తెరిచింది.

సూది వేశాడు. కాయ నొక్కిన చప్పుడు వినిపిస్తూనే ఉంది. మందు ఎక్కేదాకా ఆగి, పట్టకారు తీసుకున్నాడు. నేను గోడ వైపు తిరిగాను. పరీక్ష హాల్లో తిరిగినదాన్ని, తండ్రిని సాగనంపినదాన్ని, ఆ పట్టకారు మాత్రం చూడలేకపోయాను. చప్పుడు మీదే ప్రాణం పెట్టుకొని నిలబడ్డాను. టప్పు. గింజలు చాటలో రాలినట్టు ఒళ్లో గుడ్డ మీద రాలుతున్నాయి. టప్పు. డాక్టరు ఊపిరి బరువుగా వినిపిస్తోంది. కుర్చీ కీచుమంది. టప్పు.

ఆగింది.

తిరిగి చూశాను. డాక్టరు చెయ్యి వెనక్కి తీశాడు. అమ్మ కళ్లు గట్టిగా మూసుకొని ఉంది, నొప్పికి వాటంతటవే మూతపడినట్టున్నాయి. రెప్పల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. చేతులు ఒళ్లో బిగుసుకుపోయాయి. చీకట్లో ఉంది ఆమె. తెరిస్తే ఏముంటుందో తెలియక తెరవడం లేదు. ఎవరూ కదల్లేదు. కింద బజార్లో జట్కా గుర్రం గజ్జెలు, ఎవరో ఎవరినో పిలవడం. అప్పుడు రెప్పలు విడివడ్డాయి. కిటికీలోకి చూసింది, వీధిలో ఎవరినో వెతుకుతున్నట్టు చూసింది. టప్పు.

డాక్టరు మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి నేను గోడ వైపు తిరగలేదు. ఆయన మోచెయ్యి అటూ ఇటూ కదులుతోంది, నుదుటి మీద చెమట. ఎండిన కట్టె విరిచినట్టు ఒక చప్పుడు వచ్చింది, అది కాయది కాదు. అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఇప్పుడు ఆపితే విరుగుతుంది," అన్నాడు డాక్టరు, నోట్లో నుంచి పట్టకారు తీయకుండానే. నా వైపు చూశాడు. లాగమంటే ఒక్క లాగుతో అయిపోతుంది. అమ్మ నా వైపు చూడటం లేదు, కిటికీనే చూస్తోంది, కాని నేనేమంటానో వింటోందని నాకు తెలుసు.

"ఆపండి," అన్నాను.

ఆయన ఆపాడు. పట్టు వదలలేదు, లాగనూ లేదు. మణికట్టు వణకకుండా ఇంకో చేత్తో పట్టుకున్నాడు. అంతసేపు నేను ఏ ప్రార్థనలోనూ నిలబడలేదు. అమ్మ వేళ్ల మధ్య ఒక గింజ ఉంది, ఎర్ర పొర చిట్లి తెల్లగా కనిపిస్తోంది. ఆమె దాన్ని తడిమింది. పక్కకు విసిరేసింది. ఒళ్లో వెతికి ఇంకో కాయ తీసింది. కొన నొక్కింది.

టప్పుమన్న మరుక్షణం పన్ను పింగాణీ గిన్నెలో పడింది.

"అయిపోయింది అవ్వా," అన్నాడు డాక్టరు. గాయంలో దూది కుక్కి, పళ్లు బిగించమన్నాడు. అమ్మ కిటికీలోకి ఇంకా చూస్తూనే ఉంది. తర్వాత నెమ్మదిగా తల తిప్పి డాక్టరును చూసింది, గిన్నెలో పన్నును చూసింది, నన్ను పైనుంచి కిందికి చూసి, చినిగిన నా కొంగు మీద వేలు పెట్టి చూపించింది.

"కనపడతాంది గదా! చెప్పినా గదా!" అన్నాను. ఏడుస్తున్నానో గెలిచానో నాకే తెలియలేదు.

ఆమె తల అడ్డంగా ఊపింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దూది తీసి అసలు మాట చెప్పింది. "ఈ పొద్దు కాదు. మాయమ్మకు గూడా అదే పొద్దు పోల్యా."

బుగ్గ మీద వేడి కాపడం పెట్టొద్దని, చల్లటి గుడ్డ వేయమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఇంటికి రాగానే అత్తకు చెప్పాను. ఆమె విన్నది కూడా. కాని మా ఇళ్లలో వాపు అంటే ఉప్పు మూటే. బెణికినా, దెబ్బ తగిలినా, గవదలు వాచినా, పెనం మీద ఉప్పు వేయించి గుడ్డలో కట్టి అద్దడమే మా ఆడవాళ్లకు తెలిసిన ప్రేమ. మరునాడు నేను మాత్రల కోసం బజారుకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. కుడి బుగ్గ కుండలా ఉబ్బి, వాపు కంటి మీదికి ఎక్కింది. కన్ను గీత కూడా కనపడకుండా మూసుకుపోయింది. పక్కన ఉప్పు మూట ఇంకా పొగలు కక్కుతోంది. అత్త కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తోంది.

"నీకు చెప్పినానా లేదా?" అని అరిచాను.

"వాపుకు కాపడం పెట్టకుంటే ఏం పెడతారే? వదిన నొస్తాందంటే చూస్తా కూర్చోమంటావా?"

"ఎవురూ అరవద్దండి," అంది అమ్మ. నిబ్బరంగా అంది. "ఒగటి పోయింది. రెండోది ఎప్పుడు పోతాదో. అనుకున్నదే గదా."

ఊళ్లో డాక్టరును ఇంటికి పిలిపించాను. ఆయన పెన్సిలిన్ సూది వేసి, వేడి తగిలి వాపు పొంగింది, తగ్గుతుంది అన్నాడు. రెప్ప ఎత్తి చూడబోతే అమ్మ ఆయన చెయ్యి తోసేసింది. ఆయన వెళ్లాక నేను బతిమాలాను. "ఒక్కసారి ఎత్తి చూస్తా. చూపు ఉందని తెలిసిపోతాది గదా."

"ల్యాకుంటే?"

"ఉంటాది."

"ల్యాకుంటే అది గూడా తెలిసిపోతాది. ఇప్పుడైతే మూసుకోనుండాది, అంతే. ఉండనీ."

కుండలో నీళ్లలో గుడ్డ ముంచి బుగ్గ మీద వేస్తూ, ఆరిపోగానే మారుస్తూ కూర్చున్నాను. ఆమె ఎడమ కన్ను కూడా తెరవడం మానేసింది. ఎందుకంటే, "ఉన్నదాన్ని అరగదీయగూడదు," అంది. గోడ పట్టుకొని కుండ దగ్గరికి పోయేది, మార్చిన చోట్లలో డబ్బాలు తడిమి తీసేది, ఒక్క తప్పు చేయలేదు. ఆ నేర్పు చూడకుండా నేను గుడ్డ పిండుకుంటూ కూర్చునేదాన్ని. పక్కింటి కోడలు ఒకసారి గుమ్మంలోకి వచ్చి, అమ్మ ముఖం చూసి ఆగిపోయింది. ఆమె వేళ్ల మధ్య సూది మెరిసింది. గబుక్కున పిడికిలి మూసి, "ఊరికే వచ్చినా పెద్దమ్మా," అని వెనక్కి తిరిగింది. అమ్మ ఏమీ చూడలేదు. నేను చూశాను.

కాలేజీలో చదివిందంతా అప్పుడు నాకు ఏ సాయమూ చేయలేదు. పంటికీ కంటికీ సంబంధం లేదని నాకు తెలుసు, రాత పరీక్ష పెడితే ఇప్పుడైనా రాయగలను. అయినా గుడ్డ మార్చినప్పుడల్లా మా అవ్వే గుర్తుకొచ్చేది. నేను ఎన్నడూ చూడని అవ్వ.

వాపు దిగడం మొదలుపెట్టాక, పేముకుర్చీ ఒకటి వీధి వైపు కిటికీకి ఎదురుగా వేసి, అమ్మను అందులో కూర్చోబెట్టాను. ఎందుకని ఆమె అడగలేదు. పొద్దెక్కి ఎండ ఆమె ఒళ్లోకి వచ్చింది. నేను కింద కూర్చొని గుడ్డ పిండుతున్నాను. చూస్తుండగా కుడి రెప్ప అంచు దగ్గర వెంట్రుకలు కదిలాయి. సన్నగా, గోటి గీతంత విడివడింది. లోపల తడిగా ఏదో మెరిసింది.

నోరు తెరవబోయి మూసుకున్నాను. తెరిచిందామె, చెప్పాల్సిందీ ఆమే.

ఆమె కిటికీ వైపు కదలకుండా కూర్చుంది. ఆ తర్వాత ఎడమ కంటి మీద అరచెయ్యి గట్టిగా అడ్డం పెట్టుకుంది. నెమ్మదిగా తల నా వైపు తిప్పింది. ఆ గీతలో నుంచి నన్ను చూస్తోందో, నా వెనక ఉన్న చీకటినే చూస్తోందో తెలియలేదు. నా చేతుల్లో గుడ్డ నుంచి నీళ్లు చీర మీద కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఏందే," అంది చివరికి. "ఇంగా కుట్టుకోల్యా ఆ కొంగు?"

నేను కొంగు చూసుకున్నాను, నంద్యాలకు కట్టుకుపోయిన చీరే, చినుగు అట్లాగే ఉంది.

"అట్లనే ఊరంతా తిరిగినావా? బళ్లో టీచరంట! సూదీ దారం తే."

తెచ్చాను. ఎడమ కంటి మీది చెయ్యి తీయకుండా, సూది నన్ను పట్టుకోమని, దారం చివర తడిపి తన చేతిలో పట్టుకుంది. ముందుకు తెచ్చింది. తప్పింది. ఆమె మళ్లీ దారం తడిపింది.

"సూది కదపొద్దే," అని విసుక్కుంది. "ఏందా వణుకు? పన్ను పీకింది నీకా, నాకా?"

రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. దారం ఎక్కింది.